ఎత్తని ఫోన్, తెరవని పెట్టె

న్యూయార్క్‌లో బ్లాక్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్లు 472 మంది. కొందరు కలిసి ఉంటారు కాబట్టి చిరునామాలు 216. శనివారానికి రెండిళ్ల చొప్పున తిరిగితే, మధ్యలో వచ్చే ఆటంకాలు కూడా కలుపుకుంటే, అందరినీ కలవడానికి మూడేళ్లు పడుతుంది. ఈ లెక్క వేసింది తొమ్మిదేళ్ల ఆస్కర్ షెల్. జోనథన్ సఫ్రాన్ ఫోయర్ రాయగా 2005లో వచ్చిన 'ఎక్స్‌ట్రీమ్లీ లౌడ్ అండ్ ఇన్‌క్రెడిబ్లీ క్లోజ్' నవలలో కథ చెప్పే పిల్లవాడు. వాళ్ల నాన్న థామస్ షెల్ 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల మీద జరిగిన విమాన దాడిలో చనిపోయాడు. ఏడాది తర్వాత నాన్న అలమరలో ఏదో అందుకోబోతే పైఅరలోని నీలం పూలకూజా కింద పడి పగిలింది. అందులో చిన్న కవరు, కవరులో ఒక తాళంచెవి. కవరు మీద 'బ్లాక్' అని ఎర్ర పెన్నుతో రాసి ఉంది. నల్లరంగు పేరును ఎర్ర పెన్నుతో రాయడం మామూలుగా జరగదని ఆర్ట్ సామాను అమ్మే షాపులో ఒకామె చెప్పాక, అది రంగు కాదు, మనిషి పేరు అని ఆస్కర్ తేల్చుకుంటాడు. ఆ చెవి ఏ తాళానిదో తెలిస్తే నాన్న గురించి ఏదో తెలుస్తుందని వాడి ఆశ.

ఈ నవలను చాలామంది ఒక వెతుకులాట కథగానే చదువుతారు. పిల్లవాడు తాళం కోసం ఊరంతా తిరుగుతాడు, రకరకాల మనుషుల్ని కలుస్తాడు, చివరికి కొంచెం తేరుకుంటాడు. కథ అంతవరకు నిజమే. కానీ వెతికే పద్ధతిని దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మూడేళ్లు ఆగలేనని వాడే అంటాడు. అయినా చిరునామాలను పేటల వారీగా విడగొట్టుకుని తిరగడు. అక్షర క్రమంలో తిరుగుతాడు. పేటల వారీగా వెళ్తే పని త్వరగా అవుతుందని వాడికి తెలుసు కూడా. పైగా బస్సులు, రైళ్లు అంటే భయం కాబట్టి చాలావరకు నడకే. తొందరలో ఉన్నవాడు ఎంచుకునే దారి కాదు ఇది. తెలుసుకోవాలన్న ఆరాటం ఎంత ఉందో, తెలుసుకోవడాన్ని వాయిదా వేయాలన్న అవసరం కూడా అంతే ఉందని ఈ చిన్న వివరం పట్టిస్తుంది. తాళం వెతకడం అనే పని వెనక ఇంకో పని జరుగుతోంది. నవల బలమంతా ఆ రెండో పనిలో ఉంది.

అదేమిటో చూడాలంటే ముందు వాడి ప్రశ్నను సరిగ్గా పట్టుకోవాలి. నాన్న చనిపోయాడని ఆస్కర్‌కి తెలుసు. తొమ్మిదేళ్ల పిల్లలకు చావు అంటే తిరిగి రాకపోవడమని సాధారణంగా అర్థమై ఉంటుంది. వాడికి తెలియనిది నాన్న ఎలా చనిపోయాడన్నది. థామస్ షెల్ ఆ ఉదయం విండోస్ ఆన్ ది వరల్డ్‌లో ఒక మీటింగ్‌కి వెళ్లాడు. అది ఉత్తర టవర్‌లో 106, 107 అంతస్తుల్లో నిజంగా ఉండిన రెస్టారెంట్. విమానం 8:46కి 93 నుంచి 99 అంతస్తుల మధ్య గుద్దుకుంది. అంతకు పైన ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా బతకలేదు. పొగవల్ల పోయాడా, లిఫ్టులో ఇరుక్కున్నాడా, కిటికీలోంచి దూకాడా, కూలేవరకు అక్కడే ఉన్నాడా? ఒక్క జవాబు తెలిస్తే మిగతావన్నీ ఊహించుకోవడం ఆపొచ్చని ఆస్కర్ అనుకుంటాడు. దుఃఖంలో ఉన్న పిల్లల గురించి వచ్చిన కల్పనా సాహిత్యంలో ఇంత కచ్చితమైన ఆలోచన తక్కువగా కనిపిస్తుంది. నిజం ఎంత భయంకరమైనదైనా ఒక్కటే ఉంటుంది, ఊహలకు మాత్రం లెక్క లేదు. అందుకే టవర్ల నుంచి పడుతున్న మనుషుల వీడియోల కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతాడు. అవి ఒక పోర్చుగీసు సైట్‌లో దొరుకుతాయి. ఒక బొమ్మను మసకబారేదాకా పెద్దది చేసి, అందులో ఉన్నది నాన్నేనేమో అని చూస్తాడు.

శవం దొరకలేదు. సమాధి చేసింది ఖాళీ పెట్టె. ఇది కథ కోసం కల్పించిన విపరీత పరిస్థితి కాదు. న్యూయార్క్‌లో ఆ రోజు చనిపోయిన 2,753 మందిలో దాదాపు 40 శాతం మంది అవశేషాలను ఇప్పటికీ గుర్తించలేకపోయారు. మనిషి పోయాడని తెలుసు, పోయాడని చూపించే ఆధారం మాత్రం చేతిలో లేదు. ఇలాంటి తేలని నష్టాల గురించి అమెరికన్ కుటుంబ చికిత్సకురాలు పాలీన్ బాస్ 1970ల నుంచి పని చేశారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మొదలుపెట్టి, సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్ కుటుంబాల దాకా వచ్చారు. ఆమె పరిశీలనలో ముఖ్యమైనది ఏమిటంటే, ఆ స్థితిలో ఉన్నవాళ్లు దుఃఖాన్ని పూర్తి చేయలేకపోవడం వాళ్ల బలహీనత కాదు, పరిస్థితి లక్షణమే అది. ఖాళీ పెట్టెను పూడ్చడం మోసం అని అమ్మమీద ఆస్కర్ కోప్పడతాడు. పిల్లవాడి మొండితనంలా కనిపించే ఆ కోపంలో న్యాయం ఉంది. పెద్దవాళ్లు తంతు పూర్తిచేశారు. వాడికి అది పూర్తి కాలేదు.

వెతకడం ఎలాగో నేర్పింది కూడా నాన్నే. ఇద్దరూ ఆదివారాల్లో ఒక ఆట ఆడుకునేవాళ్లు. నాన్న ఏదో ఒకటి వెతకమని పంపి ఆధారాలు ఇచ్చేవాడు. చివరిసారి ఆడిన ఆటలో మాత్రం సెంట్రల్ పార్క్ మ్యాప్ ఒక్కటే ఇచ్చాడు. ఇంకే ఆధారమూ లేదా అంటే భుజాలు ఎగరేసి ఊరుకున్నాడు. ఆస్కర్ పార్కంతా తవ్వి దొరికిన చిన్నాచితకా వస్తువులన్నీ నాన్న ముందు పెట్టాడు. ఏదీ అవునని గానీ కాదని గానీ చెప్పకుండానే ఆ ఆట ఆగిపోయింది. ఇది ఫోయర్ వేసిన తెలివైన పునాది. ఆధారం లేకపోవడమే ఆధారమేమో అని నమ్మేలా పెరిగిన పిల్లవాడికి ఒక తాళంచెవి దొరికితే అది అనుకోకుండా మిగిలిపోయిన వస్తువు అని ఎందుకు అనుకుంటాడు? నాన్న వదిలిన తర్వాతి ఆధారం అనుకుంటాడు. నాన్న ఎర్ర పెన్నుతో పేపర్లో తప్పులకు గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తుల్లో కూడా వెతకడం ఆపవద్దు అనే సందేశాన్ని ఆస్కర్ చదువుకుంటాడు. ఆట కొనసాగుతున్నంతకాలం ఎదుటి ఆటగాడు కూడా ఎక్కడో ఉన్నట్టే కదా. వెతుకులాట సాగేకొద్దీ నాన్నకు దగ్గరవుతున్నట్టు వాడికి అనిపిస్తూ ఉంటుంది. తాళం దొరికిన రోజు ఆ దగ్గరితనం కూడా పోతుంది.

అయితే అక్షర క్రమంలో వెళ్లడానికి ఇది సగం కారణమే. మిగతా సగం ఒక ఫోన్‌లో ఉంది.

ఆ ఉదయం స్కూలు మధ్యలోనే వదిలేశారు. ఆస్కర్ ఇంటికొచ్చేసరికి ఎవరూ లేరు. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే అవతలివాళ్ల మాటలు రికార్డు చేసుకునే ఆన్సరింగ్ మెషీన్‌లో నాన్న పెట్టిన మెసేజ్‌లు ఐదు ఉన్నాయి. మొదటిది 8:52కి, కంగారు పడొద్దన్న ధోరణిలో. ఒక్కోటీ వినేకొద్దీ పరిస్థితి మారుతోందని తెలుస్తూ ఉంటుంది. వాడు వినడం అయిపోయిన కాసేపటికి, 10:22కి, మళ్లీ ఫోన్ మోగింది. చేసింది నాన్నేనని వాడికి తెలుసు. ఎత్తలేకపోయాడు. కదల్లేకపోయాడు. మెషీన్ పలికింది. నాన్న గొంతు 'ఉన్నావా' అని అడిగింది, మళ్లీ అడిగింది, అడుగుతూనే ఉంది. తర్వాత లైను తెగిపోయింది. కొన్ని నిమిషాలకే, 10:28కి, ఉత్తర టవర్ కూలిపోయింది.

ఆ తర్వాత ఆస్కర్ చేసిన పని గమనించాలి. అచ్చం అలాంటిదే ఇంకో ఫోన్ కొని తెచ్చి పాతదాని స్థానంలో పెట్టాడు. మెసేజ్‌లున్న పాత మెషీన్‌ను నానమ్మ అల్లిన స్కార్ఫ్‌లో చుట్టి తన గదిలో దాచేశాడు. అంటే అమ్మకు భర్త చివరి మాటలు వినే అవకాశమే లేకుండా చేశాడు. అమ్మను బాధనుంచి కాపాడాలన్నది వాడు చెప్పుకునే కారణం. ఆ కారణం అబద్ధం కాదు, కానీ సరిపోదు. ఆరోసారి ఫోన్ మోగినప్పుడు ఇంట్లో మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియకూడదు. వాడు దాచింది ఆ సంగతిని.

ఈ దాపరికం పాఠకుడికి కూడా ఒకేసారి తెలియదు. మెసేజ్‌లను నవల విడివిడిగా, చాలా పేజీల ఎడంతో వినిపిస్తుంది. ఆరోసారి వాడు ఫోన్ ఎత్తలేదన్న సంగతి దాదాపు చివరిదాకా రాదు. కథ చెప్పేవాడే దాచుకుంటున్న విషయం కాబట్టి కథ కూడా దాచుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆస్కర్ మాటలు ఆగకుండా దొర్లిపోతుంటే చలాకీ పిల్లవాడనిపిస్తుంది. ఎప్పుడూ తెల్లబట్టలే వేసుకోవడం, టాంబరిన్ అనే చిన్న డప్పు లాంటి వాయిద్యం వాయిస్తూ నడవడం, శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కి ఉత్తరాలు రాయడం, పక్షులు వచ్చి ఎత్తుకుపోయేలా గింజలు కుట్టిన చొక్కా లాంటివి కనిపెట్టడం, ఇవన్నీ ముచ్చటగా ఉంటాయి. విషయం తెలిశాక రెండోసారి చదివితే అదే వాగ్ధార ఊపిరాడనివ్వదు. వాడి ఆవిష్కరణలన్నీ పడిపోతున్న మనిషిని పట్టుకోవడానికో, ప్రమాదాన్ని ముందే చెప్పడానికో, దూరంగా ఉన్నవాళ్లకు కబురు అందించడానికో పుట్టినవి. ఒంటిమీద తనే చేసుకున్న గాయాల గుర్తులున్నాయి. అమ్మకు అవి కనిపిస్తాయి, నోటితో మాత్రం వాడు ఏమీ చెప్పడు.

తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు ఆ చావుకి తామే ఏదో విధంగా కారణమని నమ్మడం తరచూ జరిగేదే. నేను కోపంలో అలా అన్నాను కాబట్టి పోయాడు, అల్లరి చేశాను కాబట్టి పోయింది అనుకుంటారు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి నీ తప్పేమీ లేదని చెబితే చాలాసార్లు కొంత ఊరట దొరుకుతుంది. ఆస్కర్ పరిస్థితి అంతకంటే కఠినం. వాడి దగ్గర ఊహ కాకుండా ఒక సంఘటన ఉంది. ఫోన్ మోగింది, వాడు ఎత్తలేదు. ఎత్తినా ఎవరూ కాపాడగలిగేవాళ్లు కాదన్నది నిజం. అయినా నాన్న అడిగింది కాపాడమని కాదు, ఉన్నావా అని. ఆ ప్రశ్నకు ఉన్నానని చెప్పడం వాడి చేతిలో ఉండింది. అందుకే నీ తప్పు లేదు అనే ఓదార్పు వాడికి అతకదు. ఫోయర్ దాన్ని అక్కడ వాడకపోవడం ఈ నవలలోని గొప్ప నిర్ణయాల్లో ఒకటి.

తాళం కథ ముగిసే తీరు ఇక్కడికే వచ్చి కలుస్తుంది. జాబితాలో రెండో పేరు ఆబీ బ్లాక్. వెతుకులాట మొదట్లోనే ఆస్కర్ ఆమె ఇంటికి వెళ్లాడు. ఆ రోజు ఆమె పూర్తి నిజం చెప్పలేదు. వాడు వెళ్లిపోగానే మనసు మార్చుకుని ఇంటికి ఫోన్ చేసి మెసేజ్ పెట్టింది. ఫోన్ అంటేనే వణికే పిల్లవాడు దాన్ని ఎనిమిది నెలల తర్వాత గానీ వినలేదు. ఊరంతా నడిచి వెతికిన జవాబు ఇన్నాళ్లూ ఇంట్లో ఫోన్‌లోనే ఉంది. ఒక ఫోన్‌ను తప్పించుకోవడానికి మొదలైన ప్రయాణం ఇంకో ఫోన్ దగ్గరే ముగియడం యాదృచ్ఛికం కాదు.

ఆ తాళంచెవి ఆబీ మాజీ భర్త విలియం బ్లాక్‌ది. విలియం నాన్న చనిపోతూ కొడుక్కి ఒక సేఫ్ డిపాజిట్ బాక్స్ (బ్యాంకు లాకర్ లాంటి పెట్టె) వదిలాడు, దాని చెవిని పూలకూజాలో పెట్టాడు. ఆ సంగతి తెలియక విలియం ఆ సామాన్లతో పాటు కూజానీ అమ్మేశాడు. కొన్నది థామస్ షెల్, భార్యకు పెళ్లిరోజు కానుకగా. తెలిశాక విలియం ఆ కొన్న మనిషి కోసం పోస్టర్లు అంటించాడు. కానీ అది సెప్టెంబర్ 11 తర్వాతి వారం. ఊళ్లో గోడలన్నీ కనపడకుండా పోయినవాళ్ల పోస్టర్లతోనే నిండి ఉన్నాయి. అమ్మ కూడా నాన్న పోస్టర్ పెట్టిందని ఆస్కర్ అంటాడు. ఒకే మనిషి కోసం రెండు కుటుంబాలు అవే గోడలమీద వెతికాయి. నవల మొత్తంలో ఇంత తక్కువ మాటల్లో ఇంత భారం మోసిన చోటు ఇంకోటి లేదు.

అంటే చెవి వెనక ఆస్కర్‌కంటూ ఏమీ లేదు. అది ఇంకో కొడుకు, ఇంకో తండ్రి కథకు చెందింది. ఆస్కర్ నాన్నకు కూజాలో చెవి ఉందని కూడా తెలిసి ఉండదు. ఆ క్షణంలో నవల పిల్లవాణ్ని వట్టి చేతులతో పంపేయవచ్చు. పంపదు. ఎదురుగా ఉన్నది తండ్రితో మాటలు పూర్తికాని ఒక పెద్ద మనిషి, బాగా పరిచయం లేనివాడు, రేపు ఇంట్లో కనిపించనివాడు. ఎవరికీ చెప్పని ఆరో ఫోన్ కాల్ సంగతి ఆస్కర్ అతనికి చెబుతాడు. చెప్పి, నన్ను క్షమిస్తారా అని అడుగుతాడు. ఫోన్ ఎత్తనందుకా అంటాడు విలియం. ఎవరికీ చెప్పలేకపోయినందుకు అంటాడు ఆస్కర్. క్షమించానంటాడు విలియం. నీ తప్పేముంది అని వాదించడు, సర్దిచెప్పడు. క్షమాపణ అడిగినవాడికి కావలసింది క్షమే. తప్పు లేదని చెబితే అది వాడి బరువును గుర్తించకపోవడం అవుతుంది. పెట్టెలో ఏముందో చూద్దాం రమ్మంటే ఆస్కర్ వెళ్లడు. చెవి ఇచ్చేస్తాడు. చెవి పట్టుకుని తిరిగిన పిల్లవాడికి పెట్టెమీద ఆసక్తి లేకపోవడాన్ని బట్టే ఇన్నాళ్లూ ఏం వెతికాడో అర్థమవుతుంది. వినే మనిషి కోసం తిరిగాడు.

చెప్పుకోలేకపోవడం ఈ కుటుంబంలో ఆస్కర్‌తో మొదలవలేదు. వాడి తాత, అంటే నాన్న తండ్రి, 1945 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్ మీద జరిగిన బాంబుదాడిలో, కడుపుతో ఉన్న ప్రియురాలు ఆనాను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్కో మాటా కోల్పోతూ పూర్తిగా మూగవాడయ్యాడు. అవును, కాదు అని రెండు అరచేతులమీద పచ్చబొట్లు పొడిపించుకున్నాడు. ఆనా చెల్లెల్నే పెళ్లిచేసుకుని, ఆమె గర్భవతి కాగానే వదిలిపోయాడు. కొడుక్కి ఏళ్లతరబడి ఉత్తరాలు రాశాడు, పంపలేదు. నానమ్మ తన జీవితమంతా టైపు చేస్తే ఆ టైపు మెషీన్‌లో సిరా రిబ్బన్ లేదు, అన్నీ తెల్లకాగితాలే. ఈ భాగాల గురించి విమర్శకుల్లో గట్టి అభ్యంతరాలు వచ్చాయి. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి పేజీ నల్లబడిపోవడం, ఫోన్ బటన్ల అంకెల్లో పేజీలకు పేజీలు రాయడం, ఫొటోలు, ఇవన్నీ దుఃఖాన్ని వాడుకుని చేసిన గారడీ అన్నవాళ్లున్నారు. ఆ ఆక్షేపణలో పస ఉంది. డ్రెస్డెన్‌ను, న్యూయార్క్‌ను పక్కపక్కన పెట్టిన తీరులో రచయిత ముందే గీసుకున్న నక్షా కనిపిస్తూనే ఉంటుంది. తాత అధ్యాయాల్లో బాధ కంటే దాన్ని చూపించే పద్ధతే ఎక్కువసార్లు ముందుకొస్తుంది. కానీ ఆస్కర్ విషయంలో ఈ తాతానానమ్మల అవసరం ఉంది. చెప్పకుండా మిగిలిపోతే మనిషి ఏమవుతాడో వాడి కళ్లముందు వాళ్లే ఉదాహరణ. ఆస్కర్, తిరిగొచ్చిన తాత కలిసి ఖాళీ శవపేటికను రాత్రిపూట తవ్వి తీసి, తాత పంపని ఉత్తరాలను అందులో నింపే ఘట్టం వినడానికి అసంభవంగా ఉంటుంది. చదువుతుంటే మాత్రం అంత్యక్రియలు ఇప్పుడు పూర్తయ్యాయనిపిస్తుంది.

అమ్మ పాత్ర గురించి ఏకాభిప్రాయం కష్టం. తాను తిరుగుతున్న సంగతి అమ్మకు మొదటినుంచీ తెలుసని ఆస్కర్‌కి ఆఖర్లో తెలుస్తుంది. వాడు వెళ్లకముందే ఒక్కో బ్లాక్‌కీ ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఇది ప్రేమ అని, వాడి దారికి అడ్డురాకుండా వెనక నిలబడిందని చదవవచ్చు. కానీ ఇది చదివాక అంతవరకు మనం చూసిన అపరిచితుల ఔదార్యం కొంత పలచబడుతుంది. వాళ్లు తలుపు తీసింది పిల్లవాణ్ని చూసా, తల్లి కోరిందనా? నవల ఈ ప్రశ్నను గట్టిగా ఎదుర్కోదు. అయితే అమ్మను గురించి ఇంకో నిజం కూడా అప్పుడే బయటపడుతుంది. కొత్త స్నేహితుడితో నవ్వుతోందని, నాన్నను మరిచిపోయిందని ఆస్కర్ ఆమెను ఎంత కఠినంగా తూచాడో, తన దుఃఖం ఒక్కటే నిజమైనదని ఎలా నమ్మాడో అర్థమవుతుంది. దుఃఖంలో ఉన్న పిల్లలు కొన్నిసార్లు క్రూరంగా ఉంటారు. దాన్ని దాచకుండా రాయడం వల్లే ఆస్కర్ వట్టి ముద్దొచ్చే పిల్లవాడిగా మిగిలిపోలేదు.

2011లో స్టీఫెన్ డాల్‌డ్రీ తీసిన సినిమాతో పోల్చితే నవల ఎక్కడ గట్టిగా నిలబడిందో ఇంకా బాగా తెలుస్తుంది. టామ్ హ్యాంక్స్ తండ్రిగా, సాండ్రా బుల్లక్ తల్లిగా, థామస్ హార్న్ ఆస్కర్‌గా నటించారు. సినిమాకు ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మూగవాడైన తాతగా చేసిన మాక్స్ వాన్ సిడోకు సహాయ నటుడి విభాగంలో వచ్చింది. తెరమీద ముగింపులో పిల్లవాడు సెంట్రల్ పార్క్‌లోని ఉయ్యాల కింద నాన్న దాచిపెట్టిన చీటీ కనిపెడతాడు. అందులో నాన్న మెచ్చుకోలు ఉంటుంది. ఆట పూర్తయింది, నాన్న జవాబిచ్చాడు. థియేటర్లో కూర్చున్నవాళ్లకు అది ఊరటే. నవలలో అలాంటి చీటీ లేదు. పడిపోతున్న మనిషి ఫొటోలను ఆస్కర్ తిరగేసి పేర్చుకుంటాడు, పేజీలు గబగబా తిప్పితే ఆ మనిషి పైకి లేస్తాడు. అది నాన్న పంపిన సమాధానం కాదు. జరిగినదాన్ని మార్చలేనని తెలిసిన పిల్లవాడు తన చేతులతో తయారుచేసుకున్నది. సినిమా తండ్రిచేత మాట్లాడించింది. నవల ఆ పని చేయడానికి ఒప్పుకోలేదు. ఆస్కర్ విలియం దగ్గర నోరు విప్పడం, ఇంటికొచ్చాక అమ్మ దగ్గర ఏడవడం, ఇవి రెండూ తండ్రి నుంచి ఏ కబురూ రాకుండానే జరుగుతాయి. అందువల్లే వాటిని నమ్మగలుగుతాం.